రెప్పను తిరిగి కట్టడం అందం కోసమేనా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. కుడికంటి పై రెప్ప మీద వచ్చిన గడ్డను కంటికురుపు అనుకుని ఏడాదిలో రెండుసార్లు తీయించాం. మళ్ళీ వచ్చింది. ఈసారి బయాప్సీలో సెబేషియస్ కార్సినోమా (రెప్పలోని నూనె గ్రంథుల క్యాన్సర్) అని తేలింది. రెప్పలో సగానికి పైగా తీసి కొత్తగా కట్టాలని, కొన్ని వారాలు కన్ను మూసే ఉంచాలని డాక్టరుగారు చెప్పారు. ‘ఈ వయసులో నాకు అందమెందుకు, గడ్డ తీస్తే చాలు’ అంటోంది అమ్మ. సరేననవచ్చా?
– ఒక పాఠకురాలు, నల్గొండ

జవాబు: ఈ ఒక్క విషయంలో అమ్మగారి మాట వినకండి. రెప్ప కొట్టిన ప్రతిసారీ నల్లగుడ్డు మీద కన్నీటి పొర పరుచుకుంటుంది. పై రెప్ప లేకపోతే నిద్రలో కూడా నల్లగుడ్డుకు మూత ఉండదు. అది ఎండి, పుండు పడి, మచ్చకట్టి చూపే పోవచ్చు.

రెప్పలో పావు వంతు వరకు పోతే అంచులను దగ్గరకు లాగి కుట్టేస్తారు. సగం దాటితే మిగిలిన రెప్ప అందుకు చాలదు. అప్పుడు కింది రెప్ప అంచును వెంట్రుకలతో సహా వంతెనలా అలాగే ఉంచి, దాని దిగువనున్న భాగాన్ని ఆ వంతెన కిందుగా పైకి లాగి ఖాళీలో కుడతారు. దీనినే కట్లర్-బియర్డ్ పద్ధతి అంటారు. అతికిన భాగానికి రక్తం కింది నుంచే అందాలి కనుక సాధారణంగా 6 నుంచి 8 వారాలు కన్ను మూసి ఉంచి, ఆ తరువాత రెండో చిన్న ఆపరేషన్‌తో విడదీస్తారు. అన్నాళ్లూ ఎడమకంటితోనే గడపాలి. దానిలో శుక్లం వంటిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి. కొత్త రెప్పకు వెంట్రుకలు రావు, కాస్త వాలినట్లూ ఉండవచ్చు.

ప్రమాదాల్లో చీలిన రెప్పలకు, కాలిన గాయాలకు, పుట్టుకతోనే రెప్పలో ఖాళీ ఉన్న పిల్లలకు కూడా ఈ తరహా శస్త్రచికిత్సలే ఆధారం. క్యాన్సర్‌లో మాత్రం ఒక మెలిక ఉంది: తీసిన అంచుల్లో వ్యాధి మిగలలేదని పరీక్షలో తేలాకే కట్టడం మొదలుపెట్టాలి. ఆ పరీక్ష ఎలా చేస్తారో ఆక్యులోప్లాస్టీ (కనురెప్పల శస్త్రచికిత్స) నిపుణుడిని ముందే అడగండి. పెద్దవయసులో కురుపు అదే చోట తిరిగి వచ్చిన మొదటి మారే దాన్ని బయాప్సీకి పంపి ఉండవలసిందని నా అభిప్రాయం. ఈ జబ్బు చెవి ముందరి, మెడలోని గ్రంథులకు పాకగలదు కనుక, కుట్లు మానిన తరువాత కూడా ఆ చోట్లను డాక్టరుగారు తడిమి చూసే తనిఖీలను మానవద్దు.