రీ-ఎంట్రీలకు లెక్క లేదు, ఇంటికి అత్యవసర నిధి లేదు

ప్రశ్న: నా వయసు 29. భీమవరం దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. జీతం 27,000, ఇంటి ఖర్చు 21,000. బ్యాంకులో 11,000 ఉన్నాయి. ఏడాదిగా ఒక విదేశీ యాప్‌లో 110 రూపాయల ఎంట్రీ పోకర్ టోర్నమెంట్లు ఆడుతున్నాను. 420 ఆడితే 4,800 లాభం. ఒకసారి ఫస్ట్ ప్రైజ్ 19,500 కొట్టాను. కనీసం వంద ఎంట్రీలకు సరిపడా డబ్బు చేతిలో ఉండాలంటారు. అందుకే మా ఆవిడ నాలుగు కాసుల గొలుసు మీద రూపాయి వడ్డీకి లక్షన్నర తీసుకుని 550 ఎంట్రీకి మారదామనుకుంటున్నాను. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నా రిజల్ట్స్ మెరుగుపడాలంటే ఏం చేయాలి?
– పశ్చిమ గోదావరి జిల్లా పాఠకుడు

జవాబు: మీరు పంపిన ఎక్సెల్ షీటు, బ్యాంకు స్టేట్‌మెంటు పక్కపక్కన పెట్టుకుని చూశాను. రెండింటికీ పొంతన లేదు. షీటులో 4,800 లాభం. స్టేట్‌మెంటులో యాప్‌కి వెళ్లింది 58,300, తిరిగి వచ్చింది 41,000. యాప్‌లో మిగిలిన 1,200 కలిపినా 16,100 పోయినట్టే.

మరి తేడా ఎక్కడ? టోర్నమెంటుకు ఒక్క ఎంట్రీ చొప్పునే రాసుకున్నారు. అవుటైన ప్రతిసారీ మళ్లీ 110 కట్టి కూర్చున్న రీ-ఎంట్రీలు షీటులోకి ఎక్కలేదు. 20,900 తేడాని 110తో భాగించండి, 190 వస్తుంది. అన్నిసార్లు మళ్లీ కట్టి, ఒక్కటీ రాసుకోలేదు. భోగి రాత్రి 11.40కి ఒకసారి, 11.52కి ఒకసారి యాప్‌లో డబ్బు వేశారు. 12.15కి వేసిన మూడో విడత, అంతకు పది నిమిషాల ముందు లోన్ యాప్ నుంచి వచ్చిన 6,400లోంచి వెళ్లింది. ఆ లోను 8,000 అని మీరే రాశారు. మిగతా 1,600 ముందే కోసుకున్నారు. సంక్రాంతికి బరి దగ్గర అప్పు తెచ్చి పందెం కాసేవాళ్లను చూసి మనూళ్లలో తల కొట్టుకుంటారు. మీరు చేసిందీ అదే, కాకపోతే మంచం మీద పడుకుని చేశారు.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది పోకర్ కోసం కాదు. ట్రేడింగ్ చేసేవాళ్లు, రమ్మీ ఆడేవాళ్లు, చిట్టీ పాడి షేర్లలో పెట్టేవాళ్లు కూడా నాకు ఇలాంటి షీట్లే పంపుతుంటారు. వచ్చింది రాస్తారు, పోసింది రాయరు. ఆ షీటు చూపించి అప్పు తెస్తారు.

ముందు చట్టం సంగతి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 1974 నాటి గేమింగ్ చట్టానికి చేసిన ఆ సవరణలో ఆడేవాళ్లకూ శిక్ష ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న వాదనకు అందులో చోటు లేదు. అలాంటి ఆటలకు బ్యాంకులు చెల్లింపులు జరపకూడదు. అందుకే మీ డబ్బు ఎవరెవరో వ్యక్తుల యూపీఐ ఐడీలకు వెళుతోంది. అందులో ఏ ఒక్క ఖాతా మీద సైబర్ క్రైమ్ ఫిర్యాదు ఉన్నా, దాంతో లావాదేవీ జరిపిన మీ ఖాతానీ బ్యాంకు ఆపేయొచ్చు. మీ జీతం పడేది ఆ ఖాతాలోనే.

ఇక ఆట. చిన్న ఎంట్రీ టోర్నమెంట్లలో సాధారణంగా నూటికి పది పదిహేను మందికే ప్రైజు దక్కుతుంది. అందులోనూ పెద్ద వాటా చివరి టేబులు దాకా వెళ్లినవాళ్లది. కింది ప్రైజులు ఎంట్రీకి కాస్త పైన ఉంటాయి, అంతే. బాగా ఆడేవాళ్లకు కూడా వందల టోర్నమెంట్లు లాభం లేకుండా గడిచిపోతాయి. మీరు రీ-ఎంట్రీలతో కలిపి 610 ఎంట్రీలకు 67,100 పోస్తే, 51,000 తిరిగొచ్చింది. ఆ ఒక్క ఫస్ట్ ప్రైజ్ తీసేస్తే వచ్చింది 31,500. ఎంట్రీకి పది రూపాయల ఫీజు చొప్పున 6,100 ముందే యాప్ జేబులోకి పోయింది. మొదట్లో మంచి పేక పడితేనే దిగడం, చిప్స్ పది బిగ్ బ్లైండ్లకు (ఆటలో తప్పనిసరిగా కట్టే పెద్ద పందేనికి పది రెట్లకు) తగ్గితే ఆల్-ఇన్ (ఉన్నవన్నీ పెట్టేయడం) లేదా ఫోల్డ్ (పేక పడేసి తప్పుకోవడం) తప్ప మధ్యేమార్గం వద్దనుకోవడం, ఫోల్డ్ చేయడమే తెలియని చిన్న ఎంట్రీ జనం మీద బ్లఫ్ (పేక లేకపోయినా ఉన్నట్టు పందెం పెంచడం) వేయకపోవడం, అవుటైతే లేచిపోవడం... ఇవన్నీ డబ్బు లేని ఫ్రీ చిప్స్ ఆటలో నేర్చుకోవచ్చు. సరదా ఉంటే అక్కడే ఆడండి.

ఇప్పుడు మీ లక్షన్నర. వంద ఎంట్రీల మాట నిజమే. కానీ అది, మొత్తం పోయినా ఇంట్లో పొయ్యి వెలిగేవాళ్లకు చెప్పిన మాట, తాకట్టు డబ్బుకు కాదు. మీకు ఇంతవరకూ రాని పది శాతం లాభం వస్తుందనే అనుకుందాం. 550 ఎంట్రీకి 55 రూపాయలు. ఏడాదికి 420 ఎంట్రీలు ఆడితే 23,100. అందులో వడ్డీకి 18,000 పోతే మిగిలేది 5,100. ఆన్‌లైన్ ఆటల నికర గెలుపు మీద పన్ను 30 శాతం. దాన్ని 23,100 మీద కట్టాలి, మీరు కట్టిన వడ్డీ మినహాయించరు. అంటే 6,930. గెలిచిన ఏడాది కూడా మీ చేతి నుంచి 1,830 పడుతుంది, పైన సెస్సు వేరే. ఇక ఓడిన ఏడాది గొలుసు సంగతి మీ ఆవిడకు ఎలా చెబుతారు? గోల్డ్ లోన్ తీసుకోవద్దు. దీని మీద ఇంక చర్చ లేదు.

నా అసలు దిగులు ఆ 11,000 గురించి. ఇంటి ఖర్చు 21,000 అయితే అది పదహారు రోజులకు కూడా రాదు. మీ వెనక అమ్మగారి బీపీ మందులున్నాయి, మూడేళ్ల పాప ఉంది. మీరుండేది రొయ్య మీద బతికే ఊళ్లో. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ధర ఎలా పడిందో మీకు తెలుసు. రొయ్యలకు వైట్ స్పాట్ అనే వైరస్ తెగులు వచ్చి రైతు ముందే పట్టుబడి చేసేస్తే (రొయ్యలు పట్టేసి అమ్మేస్తే) ల్యాబ్‌కి శాంపిల్స్ తగ్గుతాయి, జీతం ఆలస్యమవుతుంది. రెండు నెలలుగా మీకు జీతం పదో తేదీ దాటాకే పడుతోంది, స్టేట్‌మెంటులో కనిపిస్తూనే ఉంది. రాత్రి కరెంటు పోతే నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగి తెల్లారేసరికి చెరువులో రొయ్యలన్నీ చచ్చిపోతాయని ఏ రైతూ జనరేటర్ లేకుండా పడుకోడు. మీ ఇంటికి ఆ జనరేటర్ లేదు.

అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు, అంటే 1,26,000 కావాలి. ముందు లోన్ యాప్ బాకీ తీర్చేయండి. ఉన్న 11,000 అందుకు వాడినా సరే, ఆ తర్వాత ఆ లోన్ యాప్‌ని ఫోనులోంచి తీసేయండి. వేరే బ్యాంకులో ఖాతా తెరిచి, దానికి యూపీఐ పెట్టకుండా, జీతం పడిన రోజే 6,000 అటు వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. మొదటి గురి నెల ఖర్చు 21,000 మాత్రమే. అది నాలుగో నెలకు దాటుతుంది. మొత్తం నిండడానికి ఇరవై ఒక్క నెలలు పడుతుంది. పట్టుబడి సీజన్‌లో అదనపు పని దొరికితే ఆ డబ్బూ అందులోకే, కొంచెం ముందే నిండుతుంది. 50,000 దాటాక పై మొత్తాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చండి. ఎప్పుడంటే అప్పుడు వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్, అంటే లిక్విడ్ ఫండ్ అయినా పర్వాలేదు.

టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ ఆరోగ్య బీమా మొదటి 21,000 నిండగానే తీసుకోండి. వాటి ప్రీమియం కట్టే నెలల్లో నిధికి కాస్త తగ్గినా ఫర్వాలేదు. సిప్‌లూ, చిట్టీలూ నిధి నిండాకే.

గొలుసు ఆలోచన మానుకున్నారు కాబట్టి ఇంట్లో దాచాల్సింది ఏమీ లేదు. స్టేట్‌మెంటు మీ ఆవిడకు చూపించి, కొత్త ఖాతా ఆవిడ పేరుతో కలిపి తెరవండి. యాప్‌లో ఉన్న 1,200 వెనక్కి అడగండి. ఇవ్వకుండా, విత్‌డ్రా చేయాలంటే ఇంకో వెయ్యి డిపాజిట్ చేయమంటే మాత్రం ఆ 1,200 వదిలేయండి.