ధర మార్చినా సైట్‌లో పాతదే!

ప్రశ్న: మాది ఇంట్లోనే చేసే పచ్చళ్ల వ్యాపారం. వర్డ్‌ప్రెస్‌లో సైట్ ఉంది. మొన్న కిలో ఆవకాయ 450 నుంచి 520 చేశాను, సీసా ఫొటో కూడా మార్చాను. నా ల్యాప్‌టాప్‌లో కొత్త ధర కనిపిస్తోంది, మావారి ఫోన్‌లో 450 అనే ఉంది. ఫొటో అయితే ఎక్కడ చూసినా పాతదే. ఆరుసార్లు సేవ్ చేశాను. సైట్ పాడైందేమోనని టెన్షన్.
– ఓ పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: పాడవలేదండీ, ఇది క్యాష్ చేసే పని. గల్లాపెట్టెలోది కాదు, ఇది వేరే క్యాష్! ఇరానీ హోటల్లో మీరు అడిగాక డికాక్షన్ పెట్టరు కదా, ముందే కాచి ఉంచింది పోసిస్తారు. సైట్ కూడా అంతే, ఒకసారి తయారైన పేజీని దాచి అందరికీ అదే చూపిస్తుంది. మీరు అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నారు, అలాంటివాళ్లకు చాలా క్యాష్ ప్లగిన్లు (సైట్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రామ్‌లు) తాజా పేజీ ఇస్తాయి, అందుకే మీకొక ధర, మీవారికొక ధర అన్నట్టయింది. ఇక ఆరుసార్లు కాదు, అరవైసార్లు సేవ్ చేసినా లాభం లేదు.

ఈసారి మార్పులు మొదలుపెట్టే ముందే ప్లగిన్‌లో పేజీ క్యాష్ ఆపి, దాచినవన్నీ క్లియర్ చేయండి. సైట్‌కి క్లౌడ్‌ఫ్లేర్ (ఫొటోల్లాంటి వాటి కాపీలను తన దగ్గర దాచి చూపించే సేవ) ఉంటే అందులో డెవలప్‌మెంట్ మోడ్ (దాచిన కాపీలను పక్కన పెట్టేది) ఆన్ చేయండి, 3 గంటల తర్వాత దానంతటదే ఆగిపోతుంది. కానీ అది పాత కాపీలను చెరిపేయదు, పని అయ్యాక పర్జ్ (దాచిన కాపీలను చెరిపే బటన్) కూడా నొక్కాల్సిందే, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. బ్రౌజర్ కూడా కాపీలు దాచుకుంటుంది, అందుకే మీ క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ‘డిసేబుల్ క్యాష్’ టిక్ పెట్టండి, ఆ ప్యానెల్ తెరిచి ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. ఫోన్‌లో అయితే ఇన్‌కాగ్నిటోలో (పాత కాపీలు వాడని ప్రైవేట్ విండోలో) చూడండి.

ఫొటో సంగతి బహుశా ఇది: పాతది తీసేసి, కొత్తదాన్నీ పాత పేరుతోనే ఎక్కించి ఉంటారు. పేరు మారకపోతే బ్రౌజర్ ‘ఇది నా దగ్గరుందిగా’ అనుకుంటుంది. ఆవకాయ2 అని పేరు మార్చి ఎక్కించండి, సరిపోతుంది.

అయ్యాక క్యాష్ మళ్లీ ఆన్ చేయడం మరవకండి. ఓ స్నేహితుడి సైట్‌లో నేను ఆపి అలాగే వదిలేస్తే, రెండు వారాలకు ‘సైట్ నత్తనడక నడుస్తోంది, హోస్టింగ్ మార్చాలా’ అని ఫోన్ చేశాడు.

అన్నట్టు, పేజీలో 450 చూసినవాళ్లకు కార్ట్‌లో 520 పడి ఉండొచ్చు. మొన్నటి నుంచి వచ్చిన ఆర్డర్లు తీసి, ముందు వాళ్లకు ఫోన్ చేయండి.