పళ్ళొస్తుంటే విరేచనాలు అవుతాయా?

చి.సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. బుజ్జిగాడికి నిన్నటి నుంచి నీళ్ళ విరేచనాలని, పళ్ళొచ్చేటప్పుడు మామూలేనని మీ అత్తగారు అన్నారని రాశావు. ఆవిడ మాట కొట్టిపారేయకు, కానీ దాన్ని నమ్మి ఊరుకోకు. పళ్ళొస్తుంటే చొంగ కారుతుంది, చిగుళ్ళు సలుపుతాయి, పిల్లాడు చికాకు పడతాడు. నీళ్ళ విరేచనాలు పళ్ళ వల్ల రావు. పది నెలల వాడు, పాకుతూ చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. క్రిములు అలా వెళ్తాయి. పిల్లల వార్డులో పనిచేసినన్నాళ్ళూ 'పళ్ళవే కదా అనుకున్నాం' అంటూ ఆలస్యంగా వచ్చిన తల్లుల్ని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు ఓఆర్ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీళ్ళు, లవణాలు భర్తీ చేసే పొడి, తెప్పించు. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడు. అట్టపెట్టెల్లో అమ్మే తియ్యటి పానీయాలు వద్దు. వాటిలో చక్కెర ఎక్కువై విరేచనాలు ఇంకా పెరుగుతాయి. వాటి పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు దానికోసం ఏళ్ళ తరబడి పోరాడారు. ఆవిడకి మనమందరం రుణపడి ఉన్నాం.

పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం ఒకేసారి లీటరు నీళ్ళలో కలపాలి. నీళ్ళు కాచి చల్లార్చినవి. గ్లాసుడు నీళ్ళలో ఇంత పొడి వేసి కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం. లీటరు సీసాతో కొలువు, కంటితో అంచనా వేయకు. కలిపింది 24 గంటలు దాటితే పారబోసెయ్. విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో కొంచెం కొంచెంగా పట్టు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్ళీ మొదలుపెట్టు.

జింక్ మాత్ర సంగతి డాక్టర్ని అడుగు. ఈ వయసుకి రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. విరేచనాలు కట్టినా మధ్యలో ఆపకూడదు. కట్టడానికని షాపులో అడిగి మందులు తెచ్చి వేయకు.

పాలు మానిపించకు. మెత్తటి పెసరపప్పు కిచిడీ, పెరుగన్నం, అరటిపండు పెట్టొచ్చు. పస్తుంచితే ఇంకా నీరసపడతాడు.

ఈ రెండు రోజులూ డైపర్ తీసేసి గుడ్డ కట్టు. డైపర్‌లో ఉచ్చ ఏదో, నీళ్ళ విరేచనం ఏదో తెలియదు, మనకు కావాల్సిందేమో ఉచ్చ లెక్క. ఆరు గంటలు పోయకపోతే ఆస్పత్రికి తీసుకెళ్ళు. బొడ్డు పక్కన చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలితే మడత వెంటనే పోవాలి. నెమ్మదిగా పోతున్నా, కళ్ళు గుంటలు పడినా, రక్తం పడినా, తాగలేకపోతున్నా, మత్తుగా ఉన్నా రాత్రి అని చూడకుండా బయల్దేరు.

ఇంకా నడవట్లేదని బెంగ పడ్డావు. పది నెలలకే నడవాలని ఎక్కడుంది? పద్దెనిమిది నెలల వరకూ సమయముంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా, సాయం లేకుండా కూర్చుంటున్నాడా? ఆ రెండూ గమనించి రాయి. టీకాల కార్డు తీసి రోటావైరస్ చుక్కలు, తొమ్మిదో నెలలో వేసే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా పడ్డాయో లేదో కూడా చూడు.

సాయంత్రం ఫోన్ చేస్తాను. పొద్దుటి నుంచి ఎన్నిసార్లు ఉచ్చ పోశాడో రాసిపెట్టు, ముందు అదే అడుగుతాను.

మీ పెద్దమ్మ