ఆర్నెల్లకోసారి పాస్‌వర్డ్ మార్చాల్సిందేనా?

ప్రశ్న: అమెరికాలో ఎంఎస్ చేస్తున్నాను. యూనివర్సిటీ అకౌంట్ పాస్‌వర్డ్ ఆర్నెల్లకోసారి మార్చి తీరాలంటారు. మార్చిన ప్రతిసారీ ఫోన్‌లో వైఫై పోతుంది, ఒక్కోసారి అకౌంటే లాకైపోతుంది. గడువు దగ్గరపడితే టెన్షన్. చివరి అంకె ఒక్కటి మార్చేస్తే సరిపోదా?

జవాబు: అంకె మార్చే పని మాత్రం వద్దండీ. అందరూ చేసేది అదే, దొంగకు తెలిసిందీ అదే. చాపెల్ హిల్‌లోని నార్త్ కరోలైనా యూనివర్సిటీలో మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న నియమం ఉండేది. అక్కడి పరిశోధకులు వాడకంలో లేని 7,700కు పైగా అకౌంట్లు తీసుకుని, పాత పాస్‌వర్డ్ తెలిస్తే కొత్తది పట్టుకోవచ్చా అని చూశారు. 17 శాతం అకౌంట్లలో ఐదు ప్రయత్నాల్లోపే దొరికిపోయింది. 2010లో వచ్చిన ఫలితం ఇది.

మీ విసుగులో న్యాయముంది. పాస్‌వర్డ్ తరచూ మార్చాలని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ కోసం రాసిన బిల్ బర్, ఆ సలహాల్లో చాలావాటికి చింతిస్తున్నానని 2017లో స్వయంగా చెప్పారు. లీకైన ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించొద్దని నిస్ట్ కూడా అదే ఏడాది చెప్పింది. 2019లో మైక్రోసాఫ్ట్ సైతం విండోస్ భద్రతా సిఫార్సుల్లోంచి ఈ గడువును తీసేసింది. ఇంకా పాత నియమాన్నే పట్టుకుని పిల్లల్ని ఇబ్బంది పెట్టడం తప్పని నా అభిప్రాయం. మీ స్టూడెంట్ సంఘం ద్వారా ఐటీ విభాగాన్ని గట్టిగా అడగండి.

అందాకా నియమం పాటించక తప్పదు. అకౌంట్ లాకవడానికి కారణం చాలాసార్లు మీ ఫోనే. మీరు ల్యాప్‌టాప్‌లో పాస్‌వర్డ్ మార్చేసరికి, బ్యాగులో ఉన్న ఫోన్ పాతదాంతోనే మళ్లీ మళ్లీ లాగిన్ అవ్వబోతుంది. సర్వర్‌కు అది ఎవరో పాస్‌వర్డ్ ఊహిస్తున్నట్టు కనిపించి తాళం వేసేస్తుంది. అందుకని మార్చే ముందు ఫోన్, ట్యాబ్ రెండింటినీ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. మార్చాక నెట్ ఆన్ చేసే ముందే సెట్టింగ్స్‌లో క్యాంపస్ వైఫైని 'ఫర్‌గెట్' చేయండి. తర్వాత కొత్త పాస్‌వర్డ్‌తో కనెక్టయి, మెయిల్ యాప్‌లోనూ అదే ఇవ్వండి. అక్కడ మర్చిపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

కొత్తదానికి ఒకదానికొకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాయండి. గోంగూర, నిచ్చెన, పిడుగు, తాంబూలం... ఇలా. ఇవే వాడకండి, మీవి మీరు ఎంచుకోండి. ఊరి పేరు, పుట్టిన తేదీ వద్దు. గుర్తుండదనిపిస్తే బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లో దాచుకోండి.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా భయం కలిగించేది. 'మీ పాస్‌వర్డ్ ఈ రోజుతో ముగుస్తుంది' అని మోసగాళ్లూ అచ్చం యూనివర్సిటీలాగే మెయిల్ పంపుతారు. అందులోని లింక్ నొక్కకుండా, యూనివర్సిటీ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి వెళ్లండి. ఇప్పటికే అలాంటి లింక్‌లో పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే గడువు కోసం చూడకండి, ఈ క్షణమే మార్చి హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేయండి.