టెక్ సందేహాలు: బిట్‌కాయిన్ పోతే ఎవరినడగాలి?

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలు చేస్తున్నాను. పట్టుబడి అయ్యాక కొన్నవాళ్లు డబ్బు అకౌంట్లో వేస్తారు. మేత బిల్లు నేను ఫోన్లోనే కట్టేస్తాను. బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి జీతంలో కొంత బిట్‌కాయిన్‌లో పెడుతున్నానని చెప్పాడు. నాకు భయమేసింది. వాడేమో ‘నీ డబ్బు మాత్రం కంటికి కనిపిస్తోందా నాన్నా’ అంటున్నాడు. రెండింటికీ తేడా ఏమిటి?

జవాబు: మీ అబ్బాయి మాటలో సగం నిజముంది. మీ అకౌంట్లో ఉన్నవీ అంకెలే. మేత కొట్టుకు ఫోన్లో యాభై వేలు పంపితే ఏ నోట్ల కట్టా కదలదు. మీ బ్యాంకు లెక్కలో అంత తగ్గుతుంది, కొట్టువాళ్ల బ్యాంకు లెక్కలో అంత పెరుగుతుంది. ఆ రెండు బ్యాంకులూ రిజర్వ్ బ్యాంకులో తమకున్న ఖాతాల ద్వారా తర్వాత తేల్చుకుంటాయి. మిగిలిన సగం ఏమిటంటే, ఆ లెక్క ఎవరు రాస్తున్నారు, తేడా వస్తే ఎవరు జవాబు చెప్పాలి అన్నది.

జేబులో వంద నోటుంటే తీసి చూడండి. గవర్నర్ సంతకం పైన, ఈ నోటు తెచ్చినవారికి వంద రూపాయలు చెల్లిస్తానని మాట ఇస్తున్నట్టు రాసి ఉంటుంది. 1935లో మొదలైన రిజర్వ్ బ్యాంకు ఆ మాటకు పూచీ. అకౌంట్లో ఉన్న డబ్బుకు మీ బ్యాంకు పూచీ. ఆ బ్యాంకే మూతపడితే, వడ్డీతో కలిపి 5 లక్షల రూపాయల దాకా డిపాజిట్‌కు బీమా ఉంది. డబ్బు పొరపాటున వేరేవాళ్లకు వెళ్తే ఫిర్యాదు చేయడానికి ఒక కౌంటరుంది, అక్కడ పని కాకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్ ఉన్నాడు.

బిట్‌కాయిన్‌లో ఆ కౌంటరే లేదు. లేకుండా ఉండాలనే దాన్ని కట్టారు. 2008 అక్టోబరు 31న సతోషీ నకమోటో అనే పేరుతో తొమ్మిది పేజీల పత్రం ఒకటి ఇంటర్నెట్‌లోకి వచ్చింది. ఆ పేరు వెనక ఎవరున్నారో ఈ రోజుకీ తేలలేదు. ఆ పత్రం పట్టుకున్న చిక్కు చాలా చిన్నది. వాట్సాప్‌లో మీకు నేనొక ఫొటో పంపితే అది నా దగ్గరా ఉంటుంది, మీ దగ్గరా ఉంటుంది. ఫొటోకు ఫరవాలేదు. డబ్బు అలా ఉండకూడదు కదా, ఒకే వందను ఇద్దరికి ఇచ్చేయొచ్చు. ఇన్నాళ్లూ ఆ మోసం జరక్కుండా చూసింది మధ్యలో కూర్చున్న బ్యాంకు. బ్యాంకు లేకుండా ఆ పని ఎలా?

మన ఊళ్లలో చీటీలు కట్టిన ఎవరికైనా ఇది తేలిగ్గా అర్థమవుతుంది. చీటీ పుస్తకం నడిపే మనిషి ఒక్కరి దగ్గరే ఉంటుంది, ఆ మనిషి మీద నమ్మకమే చీటీకి ప్రాణం. అలా కాకుండా ఇరవై మంది సభ్యుల దగ్గరా అదే పుస్తకం ఉందనుకోండి. ఎవరు ఎంత కట్టారో పైకి చదువుతారు, ఇరవై మందీ రాసుకుంటారు. ఒకరు ఇంటికెళ్లి అంకె దిద్దుకున్నా మిగతా పంతొమ్మిది పుస్తకాలు ఒప్పుకోవు. బ్లాక్‌చెయిన్ అంటే ఇదే. ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఒకే పుస్తకం ఉంటుంది. ప్రతి కొత్త పేజీ మీదా వెనక పేజీ వేలిముద్ర పడుతుంది. దాన్ని హ్యాష్ అంటారు. పాత పేజీలో ఒక్క అంకె మార్చినా వేలిముద్ర మారిపోయి, ఆ తర్వాతి పేజీలన్నీ చెడతాయి.

చీటీలో అందరూ తెలిసినవాళ్లు. ఇక్కడ ఎవరికెవరూ తెలియదు. మరి కొత్త పేజీ ఎవరు రాయాలి? దానికో పోటీ పెట్టారు. కంప్యూటర్లు ఒక అంకె కోసం లెక్కలేనన్ని సార్లు ఊహించి చూస్తాయి. ఆ అంకె ఎవరికి ముందు దొరికితే వాళ్లు పేజీ రాస్తారు, సుమారు పది నిమిషాలకొకటి. కరెంటు విపరీతంగా కాలేది ఇక్కడే. అందుకు ప్రతిఫలంగా కొత్త బిట్‌కాయిన్లు వస్తాయి. 2009లో మొదలైనప్పుడు పేజీకి 50 వచ్చేవి. సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతూ 2024 ఏప్రిల్‌లో 3.125కు దిగాయి. మొత్తం ఎన్నటికీ 2.1 కోట్లు దాటవు. రూపాయల్ని అవసరాన్ని బట్టి పెంచడం, తగ్గించడం రిజర్వ్ బ్యాంకు పని. ఇక్కడ ఆ చేయి లేదు.

పూచీ ఇచ్చేవాళ్లు లేనప్పుడు ధర కూడా కొనేవాళ్ల మనసును బట్టే ఉంటుంది. 2010 మే 22న ఒకాయన రెండు పిజ్జాలకు 10,000 బిట్‌కాయిన్లు ఇచ్చాడు. 2021 నవంబరులో ఒక్కోటి 69 వేల డాలర్ల దగ్గరికి వెళ్లింది, ఏడాది తిరిగేసరికి 16 వేలకు దిగువన ఉంది. రొయ్యల కౌంటు ధర పడిన బాధ మీకు తెలుసు. కానీ ధర పడినా రొయ్యను తినేవాళ్లుంటారు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ధర కాదు. నెల్లూరు మూలాపేటలో మాకు తెలిసిన కుర్రాడు, ఫోన్లో బిట్‌కాయిన్ దాచుకునే యాప్‌కు (దాన్ని వాలెట్ అంటారు) తాళంగా వచ్చిన పన్నెండు ఇంగ్లిషు మాటల్ని పాత నోటుబుక్కు చివరి పేజీలో రాసి పెట్టుకున్నాడు. ఇల్లు సర్దుతూ వాళ్లమ్మ పాత పేపర్లతో పాటు ఆ పుస్తకమూ తూకానికి వేసింది. తర్వాత ఫోను పాడైంది. బిట్‌కాయిన్ పుస్తకం ఎవరైనా చూడొచ్చు కాబట్టి, తన అడ్రస్ కొట్టి తన డబ్బును ఇప్పటికీ చూస్తుంటాడు. తీసుకోలేడు. అదే పాస్‌బుక్ పోతే ఆధార్ పట్టుకెళ్లి ఇంకోటి తెచ్చుకుంటాం.

మన దేశంలో క్రిప్టో, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ నాణేలు, నిషేధం కాదు, అలాగని చెల్లుబాటయ్యే కరెన్సీ కూడా కాదు. క్రిప్టో లావాదేవీలకు సేవలివ్వొద్దని 2018లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాన్ని 2020 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు. మీ అబ్బాయిని తిట్టకండి. కొనే ఎక్స్‌ఛేంజ్ (క్రిప్టో కొని, అమ్మే చోటు) కేంద్రం ఆధ్వర్యంలో అనుమానాస్పద లావాదేవీలపై కన్నేసే ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైందా, తాళం మాటలు ఎక్కడ దాచాడు, తనకేమైనా అయితే ఇంట్లో ఇంకెవరికైనా తెలుసా అని అడగండి. మొత్తం పోయినా ఇల్లు గడుస్తుందా అన్నది కూడా అడగండి.

ప్రశ్న: ఒంగోలులో బీటెక్ చదువుతున్నాను. టెలిగ్రామ్ గ్రూపులో చెప్పిన క్రిప్టో యాప్‌లో, నాన్న పొగాకు బేళ్లు అమ్మిన డబ్బులోంచి రెండు లక్షలు పెట్టాను. యాప్‌లో తొమ్మిది లక్షలు చూపిస్తోంది. తీసుకోవాలంటే ముందు తొంభై వేలు ట్యాక్స్ కట్టాలంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఇంకొక్క రూపాయి కూడా కట్టొద్దు. పన్ను యాప్‌కు కట్టేది కాదు. అమ్మకం మీద ఒక శాతం టీడీఎస్ ఉంటుంది, దాన్ని ఎక్స్‌ఛేంజే వచ్చే డబ్బులోంచి పట్టుకుంటుంది. మీకు కనిపిస్తున్న తొమ్మిది లక్షలు వాళ్ల తెర మీద వాళ్లు వేసిన అంకె. నిజమైన క్రిప్టో అయితే మీ లావాదేవీ నంబరు కొట్టగానే అందరికీ కనిపించే పుస్తకంలో దొరకాలి. ఆ నంబరు అడిగి చూడండి, మాట మారుస్తారు.

ఇది చదవగానే 1930కి ఫోన్ చేయండి. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ అది. ఎంత త్వరగా చెబితే, మీరు పంపిన డబ్బు ఏదో బ్యాంకు ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం అంత ఎక్కువ. యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, చాట్, స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి. డబ్బు తిరిగి ఇప్పిస్తామంటూ ఇంకొకరు మెసేజ్ పెడతారు, వాళ్లూ మోసగాళ్లే. ఈ రాత్రికే నాన్నకు చెప్పండి. ఆయన కోప్పడతారు, కోప్పడనివ్వండి. ఒంటరిగా మోయాల్సిన విషయం కాదిది.

ప్రశ్న: కావలిలో కిరాణా కొట్టు ఉంది. డిజిటల్ రూపాయి అంటున్నారు, అదీ క్రిప్టోనేనా?

జవాబు: కాదు. అది రిజర్వ్ బ్యాంకు ఇచ్చే రూపాయే, నోటుకు బదులు ఫోన్‌లో ఉంటుంది. సామాన్యులకు 2022 డిసెంబరు 1న ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. దాని విలువ పెరగదు, తగ్గదు. జేబులో నోటులాగే వడ్డీ కూడా రాదు. తీసుకోవడానికి మీరు కొత్తగా ఏమీ పెట్టనక్కర్లేదు, కొట్టులో ఉన్న యూపీఐ క్యూఆర్‌నే స్కాన్ చేసి కట్టొచ్చు.