ఆఫీసు పేరుతో మెయిల్ పెట్టుకునేటప్పుడు డొమైన్ ఎవరి పేరున ఉండాలి?

మీరు కావలిలో అకౌంట్లు, జీఎస్టీ రిటర్నుల పని చేసే చిన్న ఆఫీసు నడుపుతున్నామని, ముగ్గురూ ఒకే ఉచిత జీమెయిల్‌ను పాస్‌వర్డు పంచుకుని వాడుతున్నామని రాశారు. ఇప్పుడు ఆఫీసు పేరుతో మెయిల్ పెట్టుకోవాలంటే ఏం చేయాలని, వెబ్‌సైటు చేస్తున్న కుర్రవాడికే ఈ పనీ అప్పగించవచ్చా అని అడిగారు. పని అప్పగించవచ్చు గాని, డొమైన్‌ను, అంటే మెయిల్ అడ్రసులో @ గుర్తు తరువాత వచ్చే పేరును, మాత్రం మీరే స్వయంగా, మీ పేరున, మీ కార్డుతో డబ్బు కట్టి కొనండి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో వివరిస్తాను.

నేను 2013 నుంచి ఒంగోలులో ఉండి, చీమకుర్తి దగ్గర మా బంధువులకున్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌కు ఆఫీసు పనులు చూస్తున్నాను. మా మొదటి మెయిల్ అడ్రసు యజమాని పేరుకు ఆయన లారీ నంబరు తగిలించి పెట్టిన జీమెయిల్. చెన్నైలో మా ఎగుమతి సరుకుకు ఓడరేవు, కస్టమ్స్ పనులు చూసే క్లియరింగ్ ఏజెంటు ఒకరు ఇన్వాయిసు అందుకుని, ఇది నిజంగా మీ కంపెనీ పంపినదేనా అని ఫోన్ చేసి అడిగిన తరువాత మాకు సిగ్గేసి, ఊళ్లో వెబ్‌సైట్లు చేసే ఒకాయనకు వెబ్‌సైటు, డొమైన్, మెయిల్ మూడూ కలిపి గంపగుత్తగా అప్పగించాము. ఆయన డొమైన్‌ను తన ఖాతాలో, తన ఫోన్ నంబరుతో, తన సొంత మెయిల్ అడ్రసుతో రిజిస్టరు చేశారు. ఆ సంగతి మేము అడగలేదు, ఆయన చెప్పనూ లేదు. ఇల్లు మేము కట్టుకున్నాము, పట్టా మాత్రం మేస్త్రి పేరున ఉండిపోయింది.

మూడేళ్లు బాగానే నడిచింది. ఒక వేసవిలో రెండు రోజులు ఇన్‌బాక్సులో ఒక్క మెయిలూ పడలేదు. కొనుగోలుదార్లకు సెలవులేమో అనుకున్నాము. మూడో రోజు క్లియరింగ్ ఏజెంటు ఫోన్ చేసి, బీఎల్ (ఓడ కంపెనీ సరుకుకు ఇచ్చే రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్) డ్రాఫ్టు సరిచూడమని పంపిన మెయిల్ తిరిగి వచ్చిందని, ఓడ బయలుదేరే వేళ కావడంతో అలాగే ఖరారు చేయించానని చెప్పారు. అందులో కొనుగోలుదారు చిరునామా తప్పు పడింది, దాన్ని దిద్దించడానికి విడిగా రుసుము కట్టవలసి వచ్చింది. జరిగింది ఏమిటంటే డొమైన్ గడువు తీరిపోయింది, గుర్తుచేసే మెయిళ్లన్నీ ఆయన ఇన్‌బాక్సుకే వెళ్లాయి, ఆయనేమో ఊరు మారి ఫోన్ నంబరు కూడా మార్చుకున్నారు. తెలిసినవాళ్లనందరినీ అడిగి, ఆయనను పట్టుకుని డొమైన్‌ను మా పేరుకు మార్పించుకునేసరికి పదకొండు రోజులు పట్టింది. ఇంకా ఆలస్యమైతే ఏమయ్యేదో తరువాత తెలుసుకున్నాను. డాట్ కామ్ పేరును రిజిస్ట్రార్, అంటే డొమైన్ అమ్మిన కంపెనీ, తొలగించిన తరువాత 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది, అందులో తిరిగి తీసుకోవాలంటే మామూలు రుసుము మీద భారీగా అదనం కట్టాలి. అదీ దాటితే 5 రోజుల తరువాత ఆ పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడికి మన పేరున వచ్చే మెయిళ్లు కూడా వెళ్తాయి. మీ దగ్గర పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పంపే ఖాతాదారులు ఉన్నారు కాబట్టి ఈ ప్రమాదం మాకంటే మీకే ఎక్కువ.

ఇంకొక చిన్న జాగ్రత్త. డొమైన్ కొనే ఖాతాకు అదే డొమైన్ మెయిల్ అడ్రసు ఇవ్వకండి. గడువు తీరిన రోజున ఆ అడ్రసే పనిచేయదు కాబట్టి హెచ్చరికలు మీకు చేరవు. దానికి మీ సొంత జీమెయిల్, మీ సొంత ఫోన్ నంబరు ఇచ్చి, ఆటో రెన్యువల్ పెట్టుకోండి. కొనేటప్పుడు మొదటి ఏడాది ఆఫరు ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర ఎంతో చూడండి.

పేరు ఎంచుకోవడంలోనూ మేము పొరపాటు చేశాము. డొమైన్‌లో ఊరి పేరు పెట్టాము. చీమకుర్తి అన్న మాటను ఇంగ్లీషులో రాసేటప్పుడు మొదట ఐ అక్షరం ఒకటా, ఈ అక్షరాలు రెండా, చివర టీ తరువాత హెచ్ ఉందా లేదా, ముగింపు ఐ తోనా వై తోనా అని ఫోనులో ప్రతివారికీ చెప్పలేక నా ప్రాణం పోయేది. మన పేర్లలో లక్ష్మి, వెంకటేశ్వర, శ్రీనివాస లాంటివన్నీ ఇంతే. అనుకున్న పేరును ఇంట్లో పెద్దవారికి ఎవరికైనా ఫోనులో ఒక్కసారి చెప్పి రాయమనండి. వారు తప్పు లేకుండా రాస్తే ఆ పేరు పనికివస్తుంది. మధ్యలో హైఫన్ పెట్టకండి. డాట్ ఇన్ మీకు సరిపోతుంది గాని, అదే పేరుతో డాట్ కామ్ వేరొకరి దగ్గర ఉంటే మీ మెయిళ్లు కొన్ని అటు దారి తప్పుతాయి.

డొమైన్ వేరు, మెయిల్ సేవ వేరు. గూగుల్ వర్క్‌స్పేస్, మైక్రోసాఫ్ట్ 365, చెన్నై కేంద్రంగా ఉన్న జోహో వారి మెయిల్, వీటిలో ఏదైనా మనిషికి నెలకు ఇంత అని లెక్క కడుతుంది. ముగ్గురికి మూడు మెయిల్ పెట్టెలు చాలు. ఆఫీసు, రిటర్నులు అని విడిగా అడ్రసులు కావాలంటే వాటిని ఏలియాస్‌లుగా, అంటే మారుపేర్లుగా, పెట్టి ఉన్న పెట్టెల్లోకే మళ్లించవచ్చు, వాటికి వేరే డబ్బు అక్కరలేదు. వెబ్ హోస్టింగ్‌తో (వెబ్‌సైటును ఉంచే సర్వరు సేవతో) ఉచితంగా వచ్చే మెయిల్‌ను నేను సిఫారసు చేయను. ఒకే సర్వరు మీద ఉన్న ఎవరో స్పామ్ పంపితే దాని చెడ్డపేరు మన మెయిళ్లకూ అంటుకుంటుంది. అందరూ ఒకే పాస్‌వర్డు పంచుకోవడం మాత్రం వెంటనే మానండి. ఎవరి పెట్టె వారికి ఉంటే, మనిషి మానేసిన రోజున అడ్మిన్‌గా మీరు ఆ పెట్టెను మీ చేతికి తీసుకోవచ్చు.

ఇక వెబ్‌సైటు కుర్రవాడికి అప్పగించదగిన పని డీఎన్ఎస్ రికార్డులు, అంటే డొమైన్‌కు సంబంధించిన మెయిల్, వెబ్‌సైటు ఏ సర్వర్లలో ఉన్నాయో ఇంటర్నెట్‌కు చెప్పే సెట్టింగులు. వచ్చే మెయిల్ ఏ సర్వరుకు చేరాలో ఎంఎక్స్ రికార్డు చెబుతుంది. మీ పేరున మెయిల్ పంపే అధికారం ఏ సర్వర్లకు ఉందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. డీకిమ్ ప్రతి మెయిల్‌కూ ఒక డిజిటల్ సంతకం చేస్తుంది. ఈ రెండు పరీక్షలూ తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో డీమార్క్ చెబుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ ఖాతాలకు మెయిల్ పంపేవారందరికీ ఎస్‌పీఎఫ్, డీకిమ్‌లలో కనీసం ఒకటి ఉండాలని గూగుల్ నియమం పెట్టింది. రోజుకు 5,000కు పైగా పంపేవారికైతే డీమార్క్‌తో కలిపి మూడూ ఉండాలి. మీరు అన్ని పంపకపోయినా మూడూ పెట్టించండి. ఒక డొమైన్‌కు ఎస్‌పీఎఫ్ రికార్డు ఒక్కటే ఉండాలి. మేము మెయిల్ సేవ మార్చినప్పుడు పాత లైను తీయకుండా కొత్తది చేర్చాము. రెండు ఉండేసరికి ఆ పరీక్షే చెల్లకుండా పోయి, నెల రోజులు మా కొటేషన్లు స్పామ్‌లో పడ్డాయి.

పాత జీమెయిల్‌ను మూసివేయకండి. దానికి వచ్చేవి కొత్తదానికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టి, ఏడాది పాటైనా ఉంచండి. జీఎస్టీలో మెయిల్ అడ్రసు మార్చడం నాన్ కోర్ (కీలకం కాని వివరాల) సవరణే కాబట్టి అధికారి ఆమోదం అక్కరలేదని మీకు నేను చెప్పనక్కరలేదు. బ్యాంకులో మార్పించడానికే కాస్త తిరగవలసి ఉంటుంది.

అంతా అయ్యాక కొత్త అడ్రసు నుంచి మీ సొంత జీమెయిల్‌కు ఒక మెయిల్ పంపండి. కంప్యూటరులో దాన్ని తెరిచి, పక్కనున్న మూడు చుక్కలు నొక్కి, షో ఒరిజినల్ అన్నది ఎంచుకోండి. పైన ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడింటికీ ఎదురుగా పాస్ అని కనిపించిన తరువాతనే విజిటింగ్ కార్డులు అచ్చుకు ఇవ్వండి. మేము ముందే వెయ్యి అచ్చు వేయించుకున్నాము. వాటి వెనుక వైపు ఇప్పటికీ స్లాబు కొలతలు రాసుకుంటున్నాము.