విశాఖలో ఖర్చు తక్కువే, మరి పీఎఫ్ చూశారా?

ప్రశ్న: మాది అనకాపల్లి. మియాపూర్‌లో అద్దెకు ఉంటున్నాం. గచ్చిబౌలిలో నా జీతం చేతికి 92 వేలు వస్తుంది. మా ఆవిడ అమీర్‌పేటలో అకౌంట్స్ చూస్తుంది, ఆమెకు 30 వేలు. బాబుకు నాలుగేళ్లు. మధురవాడలో ఒక కంపెనీ 78 వేలు చేతికొచ్చేలా ఆఫర్ ఇచ్చింది. విశాఖలో ఖర్చులు తక్కువ, అమ్మ వచ్చి మాతో ఉంటానంటోంది, ట్రాఫిక్ టెన్షన్ ఉండదు. వెళ్లిపోవచ్చా? ఖర్చుల చిట్టా, ఆఫర్ లెటర్ పంపుతున్నాను.

జవాబు: చిట్టా ప్రకారం ఇక్కడ మీ ఖర్చు 82 వేలు, మిగులు 40 వేలు. అదే పద్ధతిలో విశాఖకు లెక్క వేశాను. అద్దె 15 వేలు, స్కూలు 8, పెట్రోలు 4, ఊరి ప్రయాణాలు 1, మిగతా ఇంటి ఖర్చు 22. ఆయాకిచ్చే 9 వేలు మీరు పూర్తిగా కొట్టేశారు. అమ్మకు మోకాళ్ల నొప్పులని మీరే రాశారు కదా, కనీసం పనిమనిషికి 3 వేలు వేశాను. మొత్తం 53 వేలు. 78లో పోను మిగిలేది 25 వేలు.

తగ్గేవి అద్దె, స్కూలు, ఆయా, ఊరికి టికెట్లు. ఉప్పూ పప్పూ ఎక్కడైనా ఒకటే. పెట్రోలు అక్కడ చౌకేమీ కాదు, దూరం తగ్గుతుంది కాబట్టే ఖర్చు తగ్గింది. సముద్రపు ఉక్కపోతకు ఏసీ బిల్లు మాత్రం పెరుగుతుంది.

ఇంత వివరంగా రాసిన మీరు, మీ ఆవిడ ఉద్యోగం ఏమవుతుందో ఒక్క ముక్క రాయలేదు! మిగులు 15 వేలు తగ్గింది ఆమె జీతం పోవడం వల్లే. విశాఖలో ఆడిటర్ల ఆఫీసుల్లో జీఎస్టీ, ట్యాలీ పని తెలిసినవాళ్లకు అవకాశాలుంటాయి. ఆమె ముందే రెండు మూడు చోట్ల అడిగి చూడాలి. అసలు ఆమెకు రావాలని ఉందా అన్నది ఇంకా ముందు ప్రశ్న.

ఇక ఆఫర్ లెటర్‌లో మీరు చూడని లైను ఒకటుంది. ఇప్పుడు మీ బేసిక్ 50 వేలు, దాని మీద 12 శాతం, అంటే 6 వేలు మీ జీతంలోంచి, మరో 6 వేలు కంపెనీ నుంచి పీఎఫ్‌కు వెళ్తోంది. కొత్త కంపెనీ 15 వేల మీదే లెక్కగడుతోంది, అంటే చెరో 1,800. నెలకు 8,400 పొదుపు చప్పుడు లేకుండా పోతోంది. కాబట్టి మీకు తగ్గేది నెలకు 15 వేలు కాదు, 23,400. పూర్తి బేసిక్ మీద పీఎఫ్ అడగండి. అదే సీటీసీలో, అంటే మీ మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చులోనే, సర్దుతామంటే మీ చేతికొచ్చేది తగ్గుతుంది, లాభం లేదు. పైన కలిపి ఇవ్వాలి.

రోజుకు రెండు గంటలు బండి మీదే గడుస్తున్నాయని రాశారు. ఆ సమయానికీ, బాబు నానమ్మ దగ్గర పెరగడానికీ నేను ధర కట్టలేను. మీ ఆవిడకు 15 వేలకు తగ్గని పని దొరికితే మాత్రం నేనైతే వెళ్లమనే చెప్తాను.

ఒక జాగ్రత్త. గచ్చిబౌలిలో ఉద్యోగం పోతే ఆ రోడ్డులోనే ఇంకోటి వెతుక్కోవచ్చు, మధురవాడలో కంపెనీలు అన్ని లేవు. మీ 3 లక్షల ఎఫ్‌డీని 5 లక్షలు చేసేవరకు అక్కడ ఫ్లాట్ ఊసెత్తొద్దు.

ఇప్పటి గచ్చిబౌలి కంపెనీలో మీకు 4 ఏళ్ల 7 నెలలు అయ్యాయి. 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ, అంటే సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే డబ్బు, వస్తుంది. మీ బేసిక్‌కు అది సుమారు 1,44,000. మీ నోటీసు ఎలాగూ మూడు నెలలు. మరో రెండు నెలలు ఆగమని విశాఖ కంపెనీని అడగండి. కుదరదంటే ఆ మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌గా ఇమ్మనండి.